పాటిదిబ్బకు సున్నం

మా అన్న బాలశౌరి ఫోను చేస్తే ముందు దగ్గు వినిపిస్తుంది, తర్వాత మాట. ఈసారి దగ్గు తగ్గేదాకా ఆగి, "చెల్లె, నాయిన బాయి తోడుతున్నరు" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. మా బొగ్గు ఊళ్ళో గనిని బాయి అనే అంటారు. నాన్న పనిచేసిన బాయిని మూసేసి ఒక జీవితకాలం గడిచిపోయింది. దాని మీద తుమ్మచెట్లు మొలిచాయి, మేకలు మేశాయి, మా తర్వాతి తరం పిల్లలు అక్కడ క్రికెట్ ఆడుకున్నారు. "ఓపెన్‌కాస్ట్ చేస్తున్నరు. మీదికెళ్ళి మొత్తం లేపుకుంట వస్తున్నరు. పాత తొవ్వలు బయటపడ్డయట. పట్టాలు, కప్పుకు పెట్టిన దుంగలు అగుపడుతున్నయట" అన్నాడు. ఆ తొవ్వల్లో, ఆ పాత సొరంగాల్లో ఎక్కడో మా నాన్న ఉన్నాడు.

నాన్న పేరు రాయప్ప. నా చిన్నప్పుడు, ఒక వానాకాలం, పొద్దుటి షిఫ్టుకు వెళ్ళాడు. పక్కనున్న పాత గనిలో ఏళ్ళ తరబడి నిండిన నీళ్ళు గోడ తెంపుకుని నాన్నవాళ్ళ మీదికి వచ్చాయి. కొంతమంది పైకి రాగలిగారు. నాన్న, ఆయనతోపాటు లోపల బొగ్గు కొట్టే చివరన ఉన్నవాళ్ళు రాలేదు. నీళ్ళు తోడుతుంటే కప్పు కూలింది. మళ్ళీ తోడారు, మళ్ళీ కూలింది. అమ్మ లూర్దమ్మ, మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు బాయి ముందు నేల మీద కూర్చునే ఉన్నారు. అన్నాన్ని అక్కడికే ఎవరో తెచ్చేవారు, అక్కడి నుంచే ముట్టనిది ముట్టనట్టే ఎవరో తీసుకుపోయేవారు. చివరికి ఒకరోజు ఇక లాభం లేదని చెప్పి బాయి నోరు మూసేశారు. ఆ రోజు అమ్మ ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించింది. ఆ తర్వాత మాటలు మానేసింది.

అంతకుముందు మా ఇల్లు మాటల ఇల్లు. క్వార్టర్ల వరసలో చివరిది మాది. తెల్లవారకముందే ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజేసేవారు. ఆ పచ్చి పొగ వాసన, అందులోంచి కనపడీ కనపడనట్టు తిరిగే ఆడవాళ్ళు, సైరను కూత, కూత వినగానే మొదలయ్యే బూట్ల చప్పుడు. నాన్న షిఫ్టు దిగి వస్తున్నాడని నాకు ఆ బూట్ల చప్పుడుతోనే తెలిసేది, ఆయన కుడికాలు కొంచెం ఈడ్చేవాడు. రాగానే లోపలికి వచ్చేవాడు కాదు. పెరట్లో బండ మీద కూర్చుంటే అమ్మ వేడినీళ్ళు పోసి, బట్టల సబ్బుతో, కొబ్బరిపీచుతో వీపు రుద్దేది. ఆ నల్లటి నీళ్ళు మోరీలోకి పారుతుంటే నేనూ అన్నా వాటిలో పుల్లలు వదిలి ఎవరిది ముందు పోతుందో చూసేవాళ్ళం. వీపు రుద్దుతున్నంత సేపూ అమ్మ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. నాన్న "అవ్, అవ్" అంటూ ఉండేవాడు. విన్నాడో లేదో తెలియదు గానీ ఆ "అవ్, అవ్" లేకపోతే అమ్మకు మాట సాగేది కాదనుకుంటాను. అందుకే ఆయన పోయాక ఆగిపోయింది.

క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మమ్మల్ని తీసుకుని అమ్మ తన పుట్టింటికి చేరింది. జూలూరుపాడు దాటి చండ్రుగొండ వైపు పోతుంటే రోడ్డుకు ఎడంగా, అడవి అంచున ఉండేది అమ్మమ్మ ఊరు. వేసవి మొదట్లో ఆ ఊరంతా ఇప్పపువ్వు వాసన. తియ్యగా, కాస్త పులిసినట్టు, తల తిరిగేలా ఉండేది. పొద్దున్నే కోయ ఆడవాళ్ళు అడవిలోంచి గంపలతో వచ్చి, వాళ్ళ భాషలో ఏదో నవ్వుకుంటూ అమ్మమ్మ అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవారు. అమ్మమ్మకు వాళ్ళ మాట వచ్చు, మాకు రాదు. తునికాకు కోతల రోజుల్లో ఇంటి నిండా ఆకు కట్టలే. సాయంత్రం దీపం పెట్టగానే మరియమాత పటం ముందు జపమాల. అమ్మమ్మ మోకాళ్ళ మీద నిలబడి మొదలుపెడితే మేం అందుకోవాలి, నిద్ర వస్తే తొడ మీద గిల్లేది. ఆ ఊరికి వచ్చాక అమ్మ పెదవులు కదిలింది ఆ జపం దగ్గరే. శబ్దం వచ్చేది కాదు.

ఊరి వెనక పాటిదిబ్బ ఉండేది. పూర్వం ఎప్పుడో మనుషులు ఉండి వదిలేసిపోయిన చోటును పాటి అంటారు మా వైపు. అది మామూలు పాటి కాదు, పెద్ద పట్నం. ఒక కొసన నిలబడితే రెండో కొస కనిపించేది కాదు. ఎక్కడ కాలు పెట్టినా పెంకులు, పూసలు, రెండు చేతులతో ఎత్తితే గానీ లేవని ఇటుకలు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ ఇటుకలతో కట్టుకున్నవే. ఆ మట్టిలో సత్తువ ఉంటుందని వేసవిలో బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. అలా ఎన్ని తరాలుగా తోలారో తెలియదు, దిబ్బ మాత్రం తరగలేదని అమ్మమ్మ చెప్పేది. మధ్యలో ఒక గుండ్రటి ఎత్తు, దాని మీద రేగు పొదలు. పక్కన ఒక రాతి మనిషి, తల లేదు, భుజం మీదుగా దిగిన బట్ట మడతలు మాత్రం నిన్న ఉతికి ఆరేసినట్టు ఉండేవి. పశువులు కాసేవాళ్ళు ఆ రాయికి వీపు ఆనించి కునుకు తీసేవారు.

మేం వెళ్ళిన మరుసటి ఏడాది చలికాలం ఆ దిబ్బను తవ్వడానికి సర్కారు మనుషులు వచ్చారు. గుడారాలు వేశారు. ఊళ్ళో పనికి పిలిచారు. ఎవరూ అడక్కుండానే అమ్మ లేచి వెళ్ళింది. అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏందే లూర్దూ, ఇంట్ల నుంచి బయటికి రానిదానివి, గా ఎండల మట్టి మోస్తవా?" అమ్మ చెంగు నడుముకు చుట్టుకుని నడిచింది. పనయ్యేదాకా నేను అక్కడే గట్టు మీద కూర్చునేదాన్ని. మొదట తట్ట మోసింది, తర్వాత జల్లెడ దగ్గర వేశారు. తవ్విన మట్టిని జల్లించి, మిగిలినవి వేరు చేయాలి. మిగతా ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ చేసేవారు. అమ్మ మాత్రం ప్రతి బెడ్డనూ వేళ్ళతో నలిపి, ఊది, వెలుతురులో పెట్టి చూసి పక్కన పెట్టేది. సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే ఆమె ఇంకా జల్లెడ మీద వంగే ఉండేది. ఏం వెతుకుతోందో అప్పుడు నాకు తెలియలేదు. అన్నకు తెలుసు. వాడు పెద్దవాడు. ఒకరోజు బడి నుంచి వచ్చి చూసి, నా పక్కన కూర్చుని, "అమ్మ నాయినను దేవులాడుతున్నది" అన్నాడు.

ఆ చలికాలంలో పట్నం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. సన్నటి వీధి, దాని పక్కన మురుగు కాలువ, మట్టి ఒరలు పేర్చిన బావి, సన్యాసులు ఉండే వరస గదులు, ఒక్క మనిషి కాళ్ళు చాపుకునేంత ఒక్కో గది. ఆ గదులు చూస్తే నాకు మా క్వార్టర్ల వరస గుర్తుకొచ్చింది. ఆఫీసరు సారు హైదరాబాదు మనిషి, బక్కపలచన, ఎప్పుడూ గొడుగు కింద. పని ఆపించి అప్పుడప్పుడు కూలీలకు చెప్పేవాడు, ఇక్కడ బౌద్ధులు ఉండేవారని, ఈ గుండ్రటిది స్తూపమని, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు దీని చుట్టూ ప్రదక్షిణ చేసేవారని. "మరి ఎటు పోయిన్రు సారూ?" అని ఎవరో అడిగితే, "అదే తెలియదు. వెళ్ళిపోయారు" అన్నాడు.

వేసవి ముదురుతుండగా స్తూపం నడిమధ్యన, చాలా లోతులో, రాతి పెట్టె దొరికింది. ఊరంతా వచ్చింది. సారే దాని మూత తీశాడు. పెట్టెలో ఒక రాతి భరిణె, దానిలో ఇంకా చిన్నది, అందులో ఇన్ని పూసలు, ఒక ముక్క. గోరంత ఉంటుందేమో, తేనె రంగులో. "ఎముక" అన్నాడు సారు. "బుద్ధుడిది అయి ఉండవచ్చు, లేదా ఎవరో గొప్ప భిక్షువుది. రెండు వేల ఏళ్ళ నాటిది." చెప్పులు వేసుకున్నవాళ్ళు విప్పేశారు. కొందరు దండం పెట్టారు. అమ్మమ్మ కూడా అలవాటుగా నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది.

అప్పుడు అమ్మ మాట్లాడింది. ఏడాదికి పైగా వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"సారూ, రెండు వేల ఏండ్ల కిందటి మనిషి దొరికిండా?"

"దొరికాడమ్మా" అన్నాడు సారు సంతోషంగా. ఆయనకు మా సంగతి తెలియదు.

"నా పెనిమిటి పోయి రెండేండ్లు గూడ కాలే. గీడ గాదు, బొగ్గు బాయిల. గాయన్ని తియ్యలేమన్నరు. దొర్కడన్నరు. గోరంత బొక్క గూడ దొర్కదన్నరు. మీరొచ్చి తీస్తరా?"

సారు భరిణె మీద మూత పెట్టి, కింద పెట్టి, నిలబడ్డాడు. "ఆ రోజుల్లో వాళ్ళు దాచిపెట్టుకున్నారమ్మా. అందుకని దొరికింది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఓదార్చాలనీ చూడలేదు. అమ్మ తల ఊపింది. జల్లెడ దగ్గరికి వెళ్ళి దాన్ని శుభ్రంగా దులిపి, గోడకు ఆనించి, ఇంటికి వచ్చేసింది. మళ్ళీ పనికి పోలేదు. ఆ రాత్రి జపంలో ఆమె గొంతు అందరికంటే పైకి వినిపించింది.

వానలకు ముందే గుడారాలు ఎత్తేశారు. భరిణెనూ, తల లేని రాతి మనిషినీ లారీలో హైదరాబాదుకు తీసుకుపోయారు. స్తూపం మధ్యలో గుంత, చుట్టూ ఇటుకల గోడ మిగిలాయి. ఆ ఏడు ఆత్మల పండుగ వచ్చింది. ఆ రోజు మా వాళ్ళందరూ గోరీలకు సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు ముట్టిస్తారు. చర్చి గురువుగారు వచ్చి ఒక్కో గోరీ మీదా తీర్థజలం చల్లుతారు. ఊళ్ళో అందరికీ ఒక గోరీ ఉంది. మాకు తాతది ఉంది, నాన్నది లేదు. అమ్మ తాత గోరీ దగ్గర నిలబడలేదు. సున్నం కుండ, ఈత మట్ట కుంచె తీసుకుని పాటిదిబ్బకు నడిచింది. అన్నా నేనూ వెనకాల పోయాం. ఆ పెద్ద ఇటుకలకు, చేతికి అందినంత మేర, సున్నం వేసింది. గుంత అంచున కొవ్వొత్తి ముట్టించింది. అమ్మమ్మ ఆయాసపడుతూ వచ్చి తిట్టిపోసింది. "ఎవరి గోరీయే అది? మన దేవుడా, మన మనిషా? గురువుగారు చూస్తె ఏమంటడే?"

అమ్మ కుంచె ఆపకుండానే చెప్పింది: "ఈ గోరీల మనిషి లేడు, తీస్కపోయిన్రు. నా మనిషికి గోరీ లేదు. ఏమైతదే అమ్మా?"

అమ్మమ్మ అక్కడే ఇటుకల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "గా కొసకు గూడ వెయ్యి, ఇడ్సిపెట్టినవ్" అంది.

ఆ తర్వాత అమ్మ బతికినన్ని ఏళ్ళూ అది తప్పలేదు. అన్నకు ఈడు రాగానే నాన్న బదులు బాయిలో ఉద్యోగం ఇచ్చారు. వాడు వేరే బాయిలో దిగాడు. వాడు దిగుతున్న మొదటి రోజు అమ్మ గేటు దాకా వచ్చి, చొక్కా గుండీ ఒకటి పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. మేం తిరిగి క్వార్టర్లలోకి వచ్చాం. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, పెళ్ళి చేసుకుని ఖమ్మం వెళ్ళాను. అయినా ఆత్మల పండుగకు అమ్మ ఎక్కడున్నా బస్సెక్కి పాటిదిబ్బకు పోయేది. ఊళ్ళో కొత్తగా పుట్టినవాళ్ళు అది ఎవరో పునీతుడి గోరీ అనుకుని మొక్కులు కూడా మొక్కారట. అమ్మ పోయాక, ఆమెను చర్చి వెనక సమాధుల తోటలో పెట్టాం. అందరిలాగే సిమెంటు గోరీ, పేరు, సిలువ. ఆ ఏడాది మేం అక్కడే కొవ్వొత్తి ముట్టించాం. పాటిదిబ్బకు ఎవరం పోలేదు. ఆ మరుసటి ఏడాది కూడా.

ఫోను వచ్చిన వారం నేను బయలుదేరాను. అన్న బస్టాండుకు వచ్చాడు. బాయిలో పీల్చిన దుమ్ము వాడి ఛాతీలో గడ్డ కట్టింది. నాలుగు మాటలకొకసారి ఆగాలి. ఆటో మాట్లాడుకుని ముందు ఓపెన్‌కాస్టు దగ్గరికి వెళ్ళాం. ఇనుప కంచె. దాని అవతల భూమి లేదు. మెట్లు మెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి, అడుగున బొమ్మల్లా కదిలే యంత్రాలు. ఒక పక్క గోడలో, బొగ్గు పొర మధ్య, నల్లటి కంతలు వరసగా కనిపించాయి. "గవే తొవ్వలు" అన్నాడు అన్న. కంచె దగ్గర ఉన్న సెక్యూరిటీ గార్డు వచ్చి, బ్లాస్టింగ్ టైమైంది, దూరం పోవాలన్నాడు. కుర్రవాడు కాదు, మా అన్న వయసుకు దగ్గర్లో ఉన్నాడు. అన్న అతనికి సంగతి చెప్పాడు.

"లోపల ఏమన్న దొరికిందా తమ్మీ? మనుషులయి..."

గార్డు గొయ్యిలోకి చూశాడు. "ఏం చెప్పాలె అన్నా. బకెట్ ఒక్కసారి ముంచితే ఇల్లంత మట్టి లేస్తది. అండ్ల ఏమున్నదో నడిపెటోనికి ఏం కనపడ్తది? బొగ్గైతే బొగ్గుల పోతది, మట్టైతే గాడ పోతది" అని చెయ్యి చాపాడు. అటు చూస్తే మట్టి గుట్ట. ఒక గుట్ట వెనక ఇంకో గుట్ట, అడవి అంచు దాకా. టిప్పర్లు చీమల్లా ఎక్కి, పోసి, దిగుతున్నాయి. నేను చాలాసేపు ఏ గుట్టను చూడాలో తెలియక అన్నిటినీ చూశాను. అన్న చూడలేదు. కంచె పట్టుకుని దగ్గుతూ ఉన్నాడు. దగ్గు ఆగాక, "దిబ్బ కాడికి పోదాం పా" అన్నాడు.

అమ్మమ్మ ఊరు రోడ్డు పక్కకు జరిగింది. పాత ఇళ్ళు లేవు. దారి అంతా పామాయిల్ తోటలే, వరసలు వరసలుగా, ఏ వరసా ఇంకో వరసకు తేడా లేకుండా. ఆటోను ఆపి లోపలికి నడిచాం. అన్న రెండు మూడు చోట్ల ఆగి, "గిక్కడనే గదా చెల్లె?" అన్నాడు. నాకు తెలియలేదు. దిబ్బ అన్నది ఎత్తుగా ఉండాలి. ఇక్కడ నేలంతా అరచేయిలా చదునుగా ఉంది. గెలలు కోస్తున్న ఒక ఆడమనిషిని అడిగాం.

"ఇటుకల దిబ్బనా?" అంది. "ఉండెనంట. మేము కౌలుకొచ్చేటాల్లకే లేదు. జేసీబీ పెట్టి సాపు చేసిన్రంట. మట్టి మంచిగున్నదని తలా ఇన్ని ట్రాక్టర్లు తోలుకున్నరు."

"సర్కారోళ్ళు ఏమన్లేదా?" అన్నాను.

"బోర్డుండె. గాలికి పడ్డది" అంది ఆమె, మళ్ళీ పనిలోకి వంగుతూ.

నేను చెట్ల మొదళ్ళలో వెతికాను. నాకే సిగ్గనిపించింది, ఏం దొరికితే ఏం చేస్తానని. ఒకచోట ఎరుపు పొడి కనిపించింది, ఇటుకదో మామూలు మట్టిదో చెప్పలేను. ఒకప్పుడు ఇక్కడ వీధి ఉంది, బావి ఉంది, గదుల్లో మనుషులు పడుకుని లేచారు, తమకు ఎంతో ప్రియమైన మనిషి ఎముకను భద్రంగా భరిణెలో పెట్టి, దాని మీద కొండంత కట్టారు. వాళ్ళు వెళ్ళిపోయినా రెండు వేల ఏళ్ళు అది నిలబడింది. మేం చూస్తుండగా, మా ఒక్క జీవితకాలంలో, లేకుండా పోయింది. దాచిపెట్టుకున్నవాళ్ళదీ దక్కలేదు, దాచుకోలేనివాళ్ళదీ దక్కలేదు. అమ్మ ఉండి ఉంటే ఇప్పుడు సున్నం కుండతో ఎక్కడికి పోయేదో. మేమిద్దరం కూడా పోతే, నాన్న ఎక్కడ లేడో తెలిసినవాళ్ళు సైతం ఉండరు.

ఆటో అతను వేరే బేరం ఉందని వెళ్ళిపోయాడు. రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డాం. టిప్పర్లు వరసగా పోతున్నాయి, ప్రతిదాని వెనకా దుమ్ము. అన్న కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు చూడకుండా అడిగాడు.

"చెల్లె, నాయిన మొకం యాదికున్నదా నీకు?"

ఉందనే అనబోయాను. కళ్ళు మూసుకుంటే వీపు కనిపించింది, నల్లటి నీళ్ళు కారుతున్న చేతులు కనిపించాయి. తిరిగి చూస్తాడేమోనని ఎదురుచూశాను. మా దగ్గర ఉన్న ఒక్క ఫోటోనూ బాయి దగ్గర ఆనవాలు పట్టడానికని ఎవరో అడిగి తీసుకున్నారు, తిరిగి రాలేదు.

"లేదన్నా" అన్నాను.

"నాకు గూడ లేదు" అన్నాడు అన్న. "బాయిల దిగినన్ని దినాలు చీకట్ల ఆ మొకం సోంచాయించుకుంట కూసున్న. యాదికి రాలే. అమ్మకు చెప్పలే."

బస్సు వచ్చింది. అన్న రెండో మెట్టు మీద ఊపిరి అందక ఆగిపోతే కండక్టరు అమ్మాయి చెయ్యి పట్టి పైకి తీసుకుంది. పక్కపక్కన సీట్లు లేవు. వాడు ముందు, నేను వెనక కూర్చుని, ఊరు వచ్చేదాకా ఎవరి కిటికీలోంచి వాళ్ళం బయటికి చూస్తూ ఉండిపోయాం.